కోన్ దాకా తనంతట తానే వెళ్లే బండి: హైదరాబాద్‌లో పోటీ రోబో కట్టుకునే పద్ధతి

ఆరుబయట మైదానంలో అక్కడక్కడా నారింజ రంగు ట్రాఫిక్ కోన్లు పెడతారు. వాటి అక్షాంశ రేఖాంశాలు పోటీదారుల చేతికిస్తారు. స్టార్ట్ బటన్ నొక్కాక ఇక ఎవరూ చెయ్యి వేయకూడదు. బండి కోన్ల వెంట వెళ్లి చివరిదాన్ని తాకాలి. అమెరికాలో సియాటిల్ రోబోటిక్స్ సొసైటీ రోబో-మెజెల్లన్ పేరుతో తయారుచేసిన పోటీ సారాంశం ఇదే. కొలరాడోలోని బౌల్డర్‌లో స్పార్క్‌ఫన్ సంస్థ 2009లో మొదలుపెట్టిన ఏవీసీ, అంటే స్వయంచాలిత బళ్ల పోటీ, దీనికి దగ్గరి చుట్టం. తొలి ఏడాది బళ్లు ఆ సంస్థ భవనం చుట్టూనే తిరగాల్సి వచ్చింది. మన కాలేజీ టెక్ ఫెస్టుల్లో నియమాలు రకరకాలుగా ఉంటాయి గానీ, ఇక్కడ చెప్పే బండి కొద్ది మార్పులతో చాలావాటికి సరిపోతుంది.

2004 మార్చిలో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా మొజావె ఎడారిలో పెట్టిన పెద్ద కార్ల పోటీలో గమ్యం చేరిన కారు ఒక్కటీ లేదు. అన్నిటికన్నా దూరం వెళ్లినదీ 12 కిలోమీటర్లు దాటలేదు. మరుసటి ఏడు అయిదు కార్లు సుమారు 212 కిలోమీటర్ల దారి పూర్తిచేశాయి. చిన్న బళ్ల సంగతీ అంతే, ముందు చివరిదాకా వెళ్లడం నేర్పాలి, వేగం సంగతి తర్వాత. అందుకే కింద చెప్పేదంతా సెకనుకు 1 నుంచి 1.5 మీటర్లు, అంటే మనిషి నడిచే వేగం, అనుకుని రాసింది.

దారి తప్పినప్పుడల్లా జీపీఎస్‌ని తిట్టడం మనకు అలవాటు. చాలాసార్లు అసలు తంటా వేరే చోట ఉంటుంది: బండికి తన ముఖం ఎటుందో తెలియదు. ముఖం 5 డిగ్రీలు తప్పితే 30 మీటర్లు వెళ్లేసరికి 2.6 మీటర్లు పక్కకు జరిగిపోతుంది. కాబట్టి మీ సమయంలో పెద్ద వాటా అయిదో అంచెకి దాచుకోండి.

1. చాసిస్

దీని మీద ఎక్కువ బుర్ర బద్దలు కొట్టుకోవద్దు. 1/10 సైజు ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) కారు చాసిస్, సెకండ్ హ్యాండ్‌దైనా సరే, కొనండి. నాలుగు గేర్ మోటార్ల పసుపుపచ్చ చక్రాల కిట్టు గదిలో బాగుంటుంది, గడ్డిలో కదలదు. ట్యాంకులా అక్కడికక్కడే తిరిగే బండి కన్నా కారులా ముందు చక్రాలు తిప్పే బండి నయం, తిన్నగా పోయేటప్పుడు తనంతట తానే తిన్నగా ఉంటుంది.

ఆర్‌సీ కార్లతో ఒకటే చిక్కు, అవి పరుగుకోసం పుట్టాయి, మెల్లగా నడవమంటే కుదుపులు తింటాయి. మోటారు మీదున్న పినియన్ గేరు మార్చి పళ్లు తక్కువున్నది వేయండి, బ్యాటరీ మూడు సెల్లులది కాకుండా రెండు సెల్లులది వాడండి. బేరింగులు, నట్లు, బోల్టులు, స్పేసర్ల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ ఒక పూట తిరిగితే చాలు. పై పలకకు 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటు లేజర్ కటింగ్ చేయించండి. రాయదుర్గంలో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్‌లో ఇలాంటి పనులకు యంత్రాలున్నాయి. బోర్డుల మీద మూతకు ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా పనికొస్తుంది. స్టీలు డబ్బా మాత్రం వద్దు, లోపలున్న జీపీఎస్‌కి ఆకాశం మూసేసినట్టే.

2. కరెంటు

కొత్తవాళ్ల బళ్లు మధ్యలో ఆగి మళ్లీ మొదటి నుంచి ప్రోగ్రాం మొదలుపెడుతుంటే దోషం కోడ్‌లో వెతుకుతారు. ముందు వైర్లలో వెతకండి. ఎంజీ996ఆర్ లాంటి స్టీరింగ్ సర్వో (ముందు చక్రాల్ని తిప్పే చిన్న మోటారు) ఇరుక్కుపోయినప్పుడు 2.5 ఆంపియర్ల దాకా లాగుతుంది. అదే 5 వోల్టుల లైను మీద మీ కంట్రోలర్ కూడా ఉంటే వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది.

విడదీయండి. రెండు సెల్లుల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ నుంచి ఫ్యూజు, దాని తర్వాత పెద్ద స్విచ్చి, అక్కడి నుంచి రెండు దారులు. ఒకటి ఈఎస్‌సీకి (మోటారు వేగాన్ని అదుపు చేసే బోర్డు), అది మోటారుని నడుపుతుంది, తనలోనే ఉన్న బీఈసీ అనే వోల్టేజీ తగ్గించే సర్క్యూట్ ద్వారా సర్వోకి కరెంటిస్తుంది. రెండోది వోల్టేజీ తగ్గించే బక్ కన్వర్టర్‌కి, అది కేవలం బోర్డులకూ సెన్సర్లకూ. రెండింటి గ్రౌండు మాత్రం ఒక్కటే కావాలి, ఇది మరిచిపోతే సిగ్నళ్లు పిచ్చి పిచ్చిగా వస్తాయి. సర్వో దగ్గర 1000 మైక్రోఫ్యారడ్ల కెపాసిటర్ ఒకటి పెట్టండి. బ్రష్ మోటారుకి మూడు 0.1 మైక్రోఫ్యారడ్ సెరామిక్ కెపాసిటర్లు సోల్డర్ చేయండి: రెండు టెర్మినళ్ల మధ్య ఒకటి, ఒక్కో టెర్మినల్ నుంచి మోటారు ఒంటికి ఒక్కొక్కటి.

చాసిస్ సొంతంగా చేసి మోటార్ డ్రైవర్ వాడేవాళ్లకు: ఎల్298ఎన్ ప్రతి దుకాణంలో దొరుకుతుంది కాబట్టి అదే కొనేస్తారు. అందులో పాతకాలం ట్రాన్సిస్టర్లు, 2 వోల్టులకు పైగా వేడి రూపంలో పోతుంది. బీటీఎస్7960 మాడ్యూల్ అడగండి. కోఠి గుజరాతీ గల్లీలో కొనేటప్పుడు కనెక్టర్లు, సిలికాన్ వైరు, హీట్ ష్రింక్ ట్యూబు కూడా అక్కడే తీసుకోండి. బ్రెడ్‌బోర్డు ఇంట్లో వరకే. మైదానంలో గులకరాళ్ల మీద రెండు నిమిషాలు పరుగెత్తితే జంపర్ వైర్లు ఊడొస్తాయి.

లిపోని నిండా ఛార్జ్ చేస్తే సెల్లుకు 4.2 వోల్టులు. 3.5కి దిగగానే ఆపేయండి, 3 కిందికి పోతే సెల్లు పాడవుతుంది. బ్యాలెన్స్ ఛార్జర్ తప్ప ఇంకేదీ వాడొద్దు. ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు. మే నెల ఎండలో కారులో వదిలి వెళ్లొద్దు. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్కసారి చూద్దామని అసలు వాడొద్దు.

3. బోర్డు, దాని పక్కన రిమోట్

బండికి మెదడుగా ఈఎస్‌పీ32 కంట్రోలర్ బోర్డు తీసుకోండి. వేగం చాలు, మూడు సీరియల్ పోర్టులున్నాయి, వైఫైలో రీడింగులు ఫోనుకి పంపుతుంది. అది 3.3 వోల్టుల బోర్డు అన్నది మాత్రం గుర్తుండాలి. 5 వోల్టుల సెన్సర్ అవుట్‌పుట్ నేరుగా ఇవ్వకుండా రెండు రెసిస్టర్లతో తగ్గించి ఇవ్వాలి.

పోటీకి వ్యవధి తక్కువుంటే పిక్స్‌హాక్ లాంటి రెడీమేడ్ బోర్డు కొని ఆర్డుపైలట్ రోవర్ అనే సిద్ధంగా ఉన్న ప్రోగ్రాం వేసేసుకోవచ్చు. కంప్యూటర్‌లో మిషన్ ప్లానర్ సాఫ్ట్‌వేర్ తెరిచి మ్యాపు మీద చుక్కలు పెడితే బండి వెళ్తుంది. అందులో తప్పేం లేదు. బండి ఎందుకలా ఒంకర్లు పోతోందో అర్థం కావాలంటే మాత్రం ఒకసారైనా సొంతంగా రాయాలి, మిగతా వ్యాసం అలా రాసేవాళ్ల కోసం.

స్వయంగా నడిచే బండికీ రిమోట్ తప్పదు. ఆర్‌సీ రిసీవర్ ఒకటి పెట్టి, రిమోట్ మీద ఒక స్విచ్చిని దీనికే కేటాయించండి: పైకి ఉంటే బండి ఇష్టం, కిందికి ఉంటే మీ ఇష్టం. ఇద్దరిలో ఎవరి మాట మోటారుకి చేరాలో తేల్చే పని మీ కోడ్‌కి అప్పగించకుండా చిన్న ఆర్‌సీ మల్టిప్లెక్సర్‌కి (రెండు సిగ్నళ్లలో ఒకదాన్ని ఎంచే బోర్డు) ఇవ్వడం మంచిది. కోడ్ ఎక్కడో ఇరుక్కుపోయినప్పుడే కదా రిమోట్ అవసరం పడేది. రిమోట్ ఆపేస్తే రిసీవర్ ఏం పంపుతోందో చక్రాలు గాల్లో పెట్టి చూడండి. ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే బండి ఆగేలా చేసే ఏర్పాటు, అమర్చకపోతే కొన్ని రిసీవర్లు చివరి ఆజ్ఞనే పట్టుకుని కూర్చుంటాయి.

4. జీపీఎస్

యూ-బ్లాక్స్ కంపెనీ జీపీఎస్ మాడ్యూళ్లలో నియో-6ఎం చవక. అది అమెరికా జీపీఎస్ ఉపగ్రహాలనే చూస్తుంది, సెకనుకు ఎక్కువలో ఎక్కువ 5 సార్లు చోటు చెబుతుంది. నియో-ఎం8ఎన్ రష్యా ఉపగ్రహ వ్యవస్థ గ్లొనాస్‌ని కూడా కలుపుకోగలదు, అప్పుడు 5 సార్లు, జీపీఎస్ ఒక్కదానితోనే అయితే 10 సార్ల దాకా చెబుతుంది. తేడా డబ్బు పెట్టండి. రెండూ పెట్టెలోంచి తీయగానే సెకనుకు ఒక్కసారే, 9600 బాడ్‌లో (సెకనుకు పంపే బిట్ల వేగం) మాట్లాడతాయి. యూ-సెంటర్ సాఫ్ట్‌వేర్‌తో 5 లేదా 10 సార్లకు మార్చి, బాడ్ రేటు 38400కి పెంచి, సేవ్ చేయండి. అందులోనే ఎస్‌బీఏఎస్ (ఉపగ్రహం నుంచి సవరణలు అందుకునే సదుపాయం) ఆన్ ఉందో చూడండి. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి పెట్టిన గగన్ వ్యవస్థ మన దేశం మీద జీపీఎస్ పొరపాట్లకు సవరణలు పంపుతుంది, వాటికి డబ్బేమీ కట్టక్కర్లేదు. అయినా రెండు మూడు మీటర్ల అనిశ్చితి ఉంటుందనే లెక్క వేసుకోండి.

హైదరాబాద్‌కి ప్రత్యేకంగా ఒక లెక్క చెబుతాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది కాలు జారతారు. మన రేఖాంశం 78 డిగ్రీల చిల్లర. కోడ్‌లో దశాంశ సంఖ్యలు దాచే 32 బిట్ల ఫ్లోట్‌లో 64కీ 128కీ మధ్యనున్న సంఖ్యల మధ్య మెట్టు 0.0000076 డిగ్రీ, అంటే మన దగ్గర నేల మీద 81 సెంటీమీటర్లు. జీపీఎస్ ఎంత మంచిదైనా తూర్పు పడమరల్లో బండి 81 సెంటీమీటర్ల గంతులేస్తున్నట్టు కనిపిస్తుంది. ఆర్డునో ఊనో బోర్డులో ఇంకా కచ్చితమైన డబుల్ అని రాసినా అది ఫ్లోటే. మందు తేలిక: యూ-బ్లాక్స్ తన యూబీఎక్స్ సందేశంలో డిగ్రీని కోటితో గుణించి పూర్ణసంఖ్యగా ఇస్తుంది. ఆ పూర్ణసంఖ్యల్లోనే తీసివేత చేసి, వచ్చిన చిన్న తేడాని అప్పుడు మీటర్లలోకి మార్చండి. హైదరాబాద్ దగ్గర ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 1,10,670 మీటర్లు, ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 1,06,260 మీటర్లు. స్టార్ట్ గీతను సున్నా అనుకుని, అన్నిటినీ దాని నుంచి తూర్పుకిన్ని మీటర్లు, ఉత్తరానికిన్ని మీటర్లుగా పెట్టుకుంటే తర్వాత లెక్కలన్నీ స్కూలు జామెట్రీలో పడతాయి.

యాంటెన్నా ముఖం ఆకాశానికి. బక్ కన్వర్టర్‌కీ కెమెరా కేబుల్‌కీ ఎంత దూరమైతే అంత మంచిది.

5. ముఖం ఎటుంది

ఇది చెప్పగలవి మూడున్నాయి, మూడింటికీ మూడు జబ్బులు.

తిరిగే వేగాన్ని కొలిచే జైరో సెన్సర్ క్షణాల మీద తిరుగుడు పట్టేస్తుంది, కానీ నిమిషాల్లో మెల్లమెల్లగా పక్కకు జారుతుంది. పైగా దానికి ఉత్తరం ఎటో తెలియదు. కంపాస్‌కి ఉత్తరం తెలుసు, కానీ దగ్గర్లో ఇనుము గానీ కరెంటు గానీ ఉంటే అబద్ధం చెబుతుంది. జీపీఎస్ కూడా దిశ చెబుతుంది, కదులుతున్నప్పుడే. నిలబడ్డప్పుడు అది చెప్పే దిశకు అర్థం లేదు.

కంపాస్ నుంచి మొదలుపెడదాం. దుకాణంలో హెచ్ఎంసీ5883ఎల్ అని ఇచ్చే జీవై-271 బోర్డు మీద చాలాసార్లు ఉండేది క్యూఎంసీ5883ఎల్. బోర్డుకి తగిలించిన సెన్సర్ల చిరునామాలు చూపే ఐ2సీ స్కానర్ ప్రోగ్రాం నడిపితే చిరునామా 1ఈకి బదులు 0డీ అని వస్తే అదే. చిప్ చెడ్డదేం కాదు, లైబ్రరీ వేరే వేసుకోవాలి, అంతే. దాన్ని పలక మీద అతికించకుండా ప్లాస్టిక్ గొట్టం మీద 20 సెంటీమీటర్ల ఎత్తున నిలబెట్టండి. అయస్కాంతానికి అంటుకోని ఇత్తడి లేదా నైలాన్ స్క్రూలే వాడండి.

తర్వాత క్యాలిబ్రేషన్. బండిని పూర్తిగా అమర్చి, బ్యాటరీ దాని చోట్లో పెట్టి, మెల్లగా రెండు మూడు చుట్లు తిప్పుతూ ఎక్స్, వై రీడింగుల గరిష్ఠం, కనిష్ఠం రాసుకోండి. రెంటి సగటుని ప్రతి రీడింగు నుంచి తీసేయాలి. ఈ పని అపార్ట్‌మెంటు టెర్రస్ మీద చేయొద్దు. కాళ్ల కింద స్లాబు నిండా ఇనుప చువ్వలే. మట్టి నేల మీదికి వెళ్లండి, పార్క్ చేసిన బళ్లకు దూరంగా, జేబులో ఫోను కూడా పక్కన పెట్టి. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన నగరంలో తేడా ఒక డిగ్రీ అటూ ఇటూ మాత్రమే, ఈ సైజు బండికి దాన్ని వదిలేయొచ్చు.

ఇప్పుడు అసలు పరీక్ష. చక్రాలు గాల్లో ఉండేలా బండిని చెక్క దిమ్మ మీద పెట్టి, మోటారు ఆపి ఒకసారి, పూర్తి వేగంలో ఒకసారి కంపాస్ చూడండి. అంకె 3 డిగ్రీలకు మించి మారితే మోటారు వైర్లని ఒకదానితో ఒకటి మెలిపెట్టండి, గొట్టం ఎత్తు పెంచండి, మళ్లీ చూడండి. ఎన్ని చేసినా మారుతుంటే కంపాస్‌ని కేవలం స్టార్ట్ గీత దగ్గర, మోటారు కదలకముందు ఒక్కసారే నమ్మి, ఆ తర్వాత దాని మొహం చూడకండి. నా మటుకు నాకు ఇదే నచ్చుతుంది.

జైరోకి ఎంపీయూ-6050 చాలు. పవర్ ఇచ్చాక 5 సెకన్లు బండిని తాకకుండా వదిలితే నిలబడ్డప్పటి దాని తప్పుడు రీడింగు తెలుస్తుంది, అది తీసేయాలి. ఎండలో చిప్ వేడెక్కితే ఈ విలువ మారుతుంది, కాబట్టి నీడలో చేసి ఎండలో నడపకూడదు. ఆ పైన సెకనుకు 100 సార్లు జైరో విలువ కూడుతూ పోండి. బండి సెకనుకు 1 మీటరు దాటి, దాదాపు తిన్నగా వెళ్తున్నప్పుడు మాత్రం జీపీఎస్ చెప్పే దిశ వైపు మీ లెక్కని కొద్ది కొద్దిగా, ఒక్కోసారి తేడాలో 5 శాతం చొప్పున, లాగుతూ ఉండండి. జైరో జారుడు అలా సర్దుకుంటుంది. మలుపులో ఉన్నప్పుడు లాగొద్దు, జీపీఎస్ అప్పుడు కాస్త పాత కబురు చెబుతుంటుంది.

దిశల తేడా తీసేటప్పుడు జవాబుని ఎప్పుడూ −180కీ +180కీ మధ్యకు తెచ్చుకోవాలి. 350 నుంచి 10కి తిరగాలంటే కుడికి 20 డిగ్రీలే. ఊరికే తీసివేస్తే −340 వచ్చి, బండి ఎడమకి గిర్రున తిరగబోతుంది. పోటీలో ఉత్తరం వైపు వెళ్లేటప్పుడే బండికి పూనకం వస్తోందంటే కారణం ఇదే.

6. ఎంత దూరం వచ్చాం

వెనక చక్రం లోపలి అంచుకు నాలుగు చిన్న అయస్కాంతాలు అతికించి, ఎదురుగా అయస్కాంతం వచ్చినప్పుడల్లా ఒక పల్సు ఇచ్చే ఏ3144 హాల్ సెన్సర్ పెట్టండి. 85 మిల్లీమీటర్ల చక్రమైతే ఒక్కో పల్సు సుమారు 6.7 సెంటీమీటర్లు. లెక్క నమ్మకుండా నేల మీద టేపుతో 20 మీటర్లు కొలిచి, బండిని తోసి, పల్సులు లెక్కపెట్టండి.

ముఖం తెలుసు, దూరం తెలుసు కనుక ప్రతి పల్సుకీ బండి చోటు మీరే లెక్క కట్టొచ్చు. జీపీఎస్ కబురు వచ్చినప్పుడల్లా ఆ చోటుని కూడా దాని వైపు 5 శాతం లాగండి. సెన్సర్ల మాటల్ని తూచి కలిపే కాల్మన్ ఫిల్టర్ రాయాలని ఉంటే రాసుకోవచ్చు, మొదటి పోటీకి ఈ రెండు లాగుళ్లు సరిపోతాయి.

7. కోన్ వైపు తిప్పడం

సూటిగా కోన్ మీదికే ముఖం తిప్పుతూ పోతే బండి వంపు దారిలో పోతుంది. అలా కాకుండా పాత కోన్ నుంచి కొత్త కోన్‌కి గీత ఊహించుకుని, ఆ గీత మీద తనకి 2.5 మీటర్ల ముందున్న చుక్కని వెంటాడమనండి. ఆ చుక్క వైపు కోణం తేడాని ఒక అంకెతో గుణించి స్టీరింగుకి ఇవ్వండి. 0.7 దగ్గర మొదలుపెట్టి, పాములా మెలికలు తిరిగితే తగ్గించండి, బద్ధకంగా తిరిగితే పెంచండి. తప్పుని సరిదిద్దే పీఐడీ పద్ధతిలో ఐ (పాత తప్పుల మొత్తాన్ని కూడే భాగం) జోలికి ఇప్పుడే పోవద్దు. మెలికలు తగ్గకపోతే జైరో చెప్పే తిరుగుడు వేగంలో కొంత భాగాన్ని తీసివేస్తే కుదుటపడుతుంది.

కోన్ చేరినట్టు ఎప్పుడు అనుకోవాలి? ఇది బండి తిరిగే వృత్తాన్ని బట్టి ఉంటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి ఒక చుట్టు తిప్పించి ఆ వృత్తం కొలవండి. చేరినట్టు అనుకునే దూరం ఆ వ్యాసార్ధం కన్నా చిన్నదైతే బండి గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు కోన్ చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. మధ్య కోన్లకు 1.5 నుంచి 2 మీటర్లు పెట్టండి. దూరం తగ్గి మళ్లీ పెరగడం మొదలైతే, దాటేశాం అనుకుని తర్వాతి కోన్‌కి పొమ్మనండి.

8. అడ్డంకులు, చివరి కోన్

శబ్దం పంపి, ప్రతిధ్వనిని బట్టి దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్లు మూడు, ముందు, కాస్త ఎడమ, కాస్త కుడి. ఒకేసారి కూత పెట్టనివ్వకుండా ఒకదాని తర్వాత ఒకటి, మధ్య 30 మిల్లీసెకన్లకు పైగా ఎడంతో. నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తున, కొద్దిగా పైకి చూసేలా పెట్టకపోతే గడ్డిపరకల్నే గోడలనుకుంటుంది. 40 డిగ్రీల ఎండలో శబ్దం వేగం పెరిగి రీడింగు 3, 4 శాతం తక్కువ చూపుతుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. సూటి మొన కోన్ నుంచి ప్రతిధ్వని సరిగ్గా రాదు, అందుకే చివరి కోన్‌కి కెమెరా కావాలి.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో బొమ్మల్ని విశ్లేషించే ఓపెన్‌సీవీ లైబ్రరీ వేసి, హెచ్‌ఎస్‌వీ పద్ధతిలో (రంగు, దాని గాఢత, వెలుగు వేర్వేరు అంకెలుగా) నారింజ రంగుని వడకట్టండి, హ్యూ, అంటే రంగు అంకె, 5 నుంచి 15 మధ్య. మన మైదానాల్లో మొరం మట్టి రంగూ అక్కడికే వస్తుంది! హ్యూ ఒక్కటే చూస్తే నేలంతా కోనే. సాచురేషన్ (రంగు గాఢత) హద్దు బాగా పెంచితే కోన్ మిగులుతుంది, మట్టి పోతుంది. ఫిబ్రవరి, మార్చిల్లో రాలిన మోదుగ పూలు కూడా ఉంటాయి సుమా. వాటిని ఆకారంతో ఏరేయండి: వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువున్న మచ్చనే కోన్ అనుకోవాలి. ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపేయండి, లేకపోతే మబ్బు పట్టగానే రంగులన్నీ జరుగుతాయి.

చివరి కోన్‌కి 4 మీటర్ల దూరం వచ్చేదాకా కెమెరా మాట వినొద్దు. అక్కడి నుంచి వేగం సగానికి తగ్గించి, మచ్చ నడిమధ్యన ఉండేలా తిప్పుతూ వెళ్లి, ముందు బంపర్‌లోని లిమిట్ స్విచ్చి (తాకగానే నొక్కుకునే చిన్న బటన్) నొక్కుకోగానే ఆగాలి. మచ్చ కనిపించకపోతే మెల్లగా ఒక చుట్టు తిరిగి వెతకాలి.

9. మైదానం, లాగ్

రోడ్ల మీద పరీక్షించొద్దు. స్కూలు లేదా కాలేజీ మైదానం, అడిగి, అనుమతితో. పొద్దున్నే వెళ్లండి, ఆదివారమైతే క్రికెట్ బ్యాచ్‌ల కన్నా ముందే. వీధి కుక్కలు చిన్న బండిని వెంటాడకుండా ఉండలేవు, ఒక స్నేహితుడికి ఆ పని అప్పజెప్పండి. ఎత్తయిన భవనాల పక్కన జీపీఎస్ సిగ్నల్ గోడకు తగిలి తిరిగొచ్చి చోటు తప్పుతుంది. మొదట్లో వాటికి దూరంగా నేర్పి, తర్వాత కావాలనే వాటి పక్కన నడిపించి చూడండి.

సెకనుకు 10 సార్లు అన్నిటినీ ఎస్‌డీ కార్డులోకి రాయించండి: జీపీఎస్ చోటు, మీరు లెక్కకట్టిన చోటు, కంపాస్ దిశ, జైరో దిశ, స్టీరింగుకి ఇచ్చిన విలువ, బ్యాటరీ వోల్టేజీ, ఎన్నో కోన్. ఇంటికొచ్చి రెండు చోట్లనీ ఒకే గ్రాఫు మీద గీయండి. రెండు దారులూ ఒకే ఆకారంలో ఉండి కోణం మాత్రం తిరిగి ఉంటే తప్పు ముఖంలో ఉంది. ఆకారం ఒకటే, పొడవు వేరైతే చక్రం లెక్కలో. ఒకచోట ఉన్నట్టుండి గెంతితే జీపీఎస్‌లో. లాగ్ మధ్యలో తెగి మళ్లీ మొదలైతే రెండో అంచెకి తిరిగి వెళ్లండి.

10. పోటీ రోజు

అరగంట ముందే బండిని ఆన్ చేసి ఆరుబయట పెట్టండి. ఉపగ్రహాలు కుదురుకుని హెచ్‌డీఓపీ (ఉపగ్రహాల అమరిక వల్ల చోటులో వచ్చే అనిశ్చితి అంకె) 1.5 కన్నా తగ్గాలి. నియమాలు ఒప్పుకుంటే కోన్ల చోట్లని ఫోనుతో గానీ మ్యాపులో చూసి గానీ తీసుకోకుండా, బండినే ఒక్కో కోన్ దగ్గరికి మోసుకెళ్లి, నిమిషంపాటు సగటు తీసి రాసుకోండి. జీపీఎస్ తప్పు గంటల మీద మెల్లగా మారుతుంది, కాబట్టి అదే మాడ్యూల్‌తో కాసేపటి క్రితం కొలిచిన చోటుకి తిరిగి వెళ్లడం దానికి తేలిక. చోట్లని నిర్వాహకులే ఇస్తే అంకెలు ఒకరు చదువుతుంటే ఇంకొకరు ఎక్కించండి, తర్వాత ఒక్కో కోన్‌కి దూరం, దిశ స్క్రీను మీద చూసి కళ్లతో పోల్చుకోండి.

కొత్త బ్యాటరీ వేయండి. ఆ రోజు కోడ్ మార్చొద్దు, వేగం అంకె ఒక్కటి తప్ప, అదీ తగ్గించడానికే. స్టార్ట్ గీత మీద బండి ముఖం మొదటి కోన్ వైపు ఉండేలా పెట్టి, 5 సెకన్లు దూరం జరగండి, జైరో తన సున్నా వెతుక్కోవాలి. రిమోట్ చేతిలోనే ఉండాలి, వేలు స్విచ్చి మీద. బటన్ నొక్కి బండికి రెండు మీటర్లు వెనక, ఒక పక్కగా నడవండి. ముందుకు వెళితే అది మిమ్మల్నే అడ్డంకి అనుకుంటుంది.